26 ఏళ్లకే పాత పద్మిని కారు కొనొచ్చా, లేక ఆగాలా? వైజాగ్ వాళ్లు చెప్పండి

కంచరపాలెం_కుర్రోడు:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 26, రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం, ఇల్లు కంచరపాలెం. వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన దగ్గర 1985 ప్రీమియర్ పద్మిని ఉంది, తెలుపు, ఒకే ఓనరు, స్టీరింగ్ గేరు, హబ్ క్యాపులు కూడా ఒరిజినల్‌వే. ఆయనకి 74. మోకాలి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేకపోతున్నారు, ఏడాదిన్నరగా కారు షెడ్డులోనే ఉంది. లక్షా నలభై చెప్పారు.

నేను దాచుకున్నది రెండు లక్షల దాకా ఉంది. అమ్మేమో ముందు పెళ్లి, తర్వాత ఇల్లు, ఆ తర్వాతే పాత కారు అంటోంది. నాన్న ఏమీ అనట్లేదు. మా తాతయ్య రైల్వే స్టేషన్ దగ్గర ఫియట్ (పద్మినికి పాత పేరు అదే) ట్యాక్సీ నడిపేవాడు, నాన్న చిన్నప్పుడు అందులోనే నిద్రపోయేవాడట. నాతో చూడ్డానికి వచ్చి డోర్ తీసి సీటు మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాడు చాలాసేపు. ఆఫీసులో ఒకాయన మాత్రం ఇవన్నీ ఈఎంఐలు తీరి నలభై దాటాక పెట్టుకోవాల్సిన సరదాలు అన్నాడు. అందుకే అడుగుతున్నా, మీరు ఏ వయసులో కొన్నారు, మళ్లీ కొనాల్సి వస్తే అదే వయసులో కొంటారా?

సీతమ్మధార_స్పానర్:
కొనీ తమ్ముడూ. ఒకే ఓనరు పద్మిని మళ్లీ దొరకదు.

గాజువాక_గేర్‌బాక్స్:
వయసు సంగతి తర్వాత, ముందు రేకు సంగతి చూడు. నాకు 43, ఆటోనగర్‌లో లేత్ షాపు, నా దగ్గర రెండు పద్మినిలు ఉన్నాయి, ఒకటి నడిచేది, ఇంకోటి దానికి సామాన్లు ఇచ్చేది. వేరే ఊళ్లలో పాత కారంటే ఇంజిన్ కండిషన్ అడుగుతారు, మన ఊళ్లో మొదట తుప్పు అడగాలి. ఆ 1089 సీసీ ఇంజిన్ ఎంత అరిగిపోయినా రీబోర్ కొట్టించి రింగులు వేయించొచ్చు, హెడ్ దింపి వాల్వులు గ్రైండ్ చేయించొచ్చు, దానికి ఖర్చు ఇంత అని ముందే చెప్పేయొచ్చు. రేకు పోతే ఎక్కడ ఆగుతుందో ఎవడూ చెప్పలేడు, ఎందుకంటే పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని ఎముక.

వన్‌టౌన్ అంటే హార్బర్ పక్కనే కదా. ఉప్పుగాలి రేకు మీద పొరలాగ కూర్చుంటుంది, ఉప్పేమో గాలిలో తేమని లాక్కుంటూనే ఉంటుంది, పైన ఎండకి ఆరినట్టు కనిపించినా లోపలి మడతల్లో తడి ఆరదు. షెడ్డులో ఉంది కదా అని ధీమాగా ఉండకు, కదలకుండా మూసిపెట్టిన కారుకి లోపల గాలి ఆడక ఇంకా తొందరగా పడుతుంది తుప్పు.

ఒక చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి పట్టుకెళ్లు. డోర్ల అడుగు భాగం, చక్రాల పైన ఉండే వంపు, హెడ్‌లైట్ల చుట్టూ పెట్టి చూడు, పట్టుకోకుండా జారిపోయిందంటే లోపల లప్పం పెట్టి పైన పెయింట్ కొట్టేశారన్నమాట. తర్వాత మ్యాట్లు ఎత్తి డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోరు చూడు, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోకూడదు. డోర్ల అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి, అవి మట్టితో మూసుకుపోతే డోరు లోపల నీళ్లు నిలబడి లోపల్నుంచి తినేస్తుంది. ఆఖరికి జాకీ వేసి ఒక పక్క ఎత్తించి ఆ పక్క డోరు తీసి వేసి చూడు, పట్టేస్తోందంటే బాడీ వంగుతోందని అర్థం, అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ఇంకోటి, ఏడాదిన్నరగా ఆగిన బండిని వెళ్లగానే సెల్ఫ్ కొట్టించకు. ప్లగ్గులు నాలుగూ విప్పి ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి ఓ రాత్రి ఉంచి, టాప్ గేరులో పెట్టి మెల్లగా తోసి ఇంజిన్ తిరుగుతోందో లేదో చూడాలి ముందు. ఆదివారం ఖాళీయే, కావాలంటే నేను వస్తా.

మధురవాడ_33:
నేను అందరికీ ఎదురు చెప్తున్నా, ఏమనుకోవద్దు. నేను 33 ఏళ్లకి కాంటెస్సా కొన్నా, ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్ ఉన్నది, 1992 మోడలు. కాలేజీ రోజుల నుంచి నా కల అది. నాలుగేళ్లకి అమ్మేశా. కారు తప్పు కాదు. మాది అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో నాకున్నది ఒకటే పార్కింగ్, అందులో ఇంట్లోవాళ్లు వాడే మామూలు కారు ఉండాలి కాబట్టి కాంటెస్సా బయట రోడ్డు మీద ఉండేది. వర్షాకాలం వచ్చిందంటే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, లేచి బాల్కనీలోంచి కవర్ ఉందో ఎగిరిపోయిందో చూసేవాణ్ణి. ప్లాస్టిక్ కవర్ వేశాను, అదే నేను చేసిన పెద్ద తప్పు, లోపల చెమ్మ చేరి రూఫ్ అంచుల్లో పెయింట్ బుడగలు లేచింది. కాటన్ కవర్ వేసుంటే కొంతైనా ఆరేది.

అప్పటికి బాబు పుట్టాడు. వాణ్ణి ఆ కారులో ఎక్కించుకున్న ప్రతిసారీ వెనక బెల్టు లేదు, బ్రేకులు పాతవి అని నా కాళ్లు బిగుసుకుపోయేవి, మా ఆవిడ ఒక్క మాట అనలేదు కానీ ఆవిడ చెయ్యి బాబు చుట్టూ గట్టిగా ఉండటం అద్దంలో కనిపించేది. అందుకే చెప్తున్నా, పెళ్లికి ముందు ఒక్కడివే ఉన్నప్పుడు కొన్నది పెళ్లయ్యాక ఏమవుతుందో కూడా ఆలోచించుకో. సొంత షెడ్డు లేకపోతే మాత్రం అస్సలు వద్దు.

కంచరపాలెం_కుర్రోడు:
అన్నా, మీరు చెప్పింది చదివాక రాత్రంతా ఆలోచించా. మాది సొంతిల్లే, పక్కన రేకుల షెడ్డు ఉంది, నాన్న స్కూటర్ పెట్టేది, కొలిచాను, పద్మిని పడుతుంది గానీ డోరు ఒక్క వైపే తెరుచుకుంటుంది. పదిహేనేళ్లు దాటిన కార్లు స్క్రాప్ చేసేస్తారని కూడా భయం ఉంది, అది నిజమేనా?

సింహాచలం_రోడ్:
కాదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ గొడవ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది, మనకి లేదు. ఇక్కడ సొంత కారుకి మొదటి 15 ఏళ్లు అయ్యాక బండి చూపించి ఫిట్‌నెస్ పాసై ఆర్‌సీ రెన్యూవల్ చేయించుకోవాలి, ఒక్కోసారి అయిదేళ్లకి ఇస్తారు. ఫీజు మాత్రం పెరిగింది, 2022 ఏప్రిల్ నుంచి కారుకి 600 కాస్తా 5,000 అయింది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. కొనేముందు ఆర్‌సీ ఎప్పటిదాకా ఉందో చూడు, గడువు దాటిపోయి ఉంటే ఆ పెద్దాయన పేరు మీదే రెన్యూవల్ చేయించి తర్వాత నీ పేరుకి మార్చుకో. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు పెన్సిల్ రుద్ది ఆర్‌సీతో పోల్చి చూసుకో, ఒక్క అంకె తేడా ఉన్నా తర్వాత తిరగలేవు.

ఇన్సూరెన్స్ కనీసం థర్డ్ పార్టీ ఉండాలి, 1000 నుంచి 1500 సీసీ లోపు వాటికి 2022లో పెట్టిన రేటు 3,416 ప్లస్ జీఎస్టీ. ఫుల్ ఇన్సూరెన్స్ ఇంత పాత కారుకి ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు, ఇచ్చినా విలువ ఎంతో ముందే మాట్లాడుకుని రాయించుకోవాలి.

పెదవాల్తేరు_వాసు:
వింటేజ్ నంబర్ తీసుకుంటే ఇవన్నీ ఉండవు కదా?

ఎంవీపీ_లక్ష్మి:
వాసు గారూ, ఆ దారి నేను వెళ్లబోయి ఆగిపోయాను కాబట్టి చెప్తాను. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయకుండా ఉన్న సొంత బండికే వింటేజ్ ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ ఆ నంబరు వేశాక మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు, ర్యాలీకో ప్రదర్శనకో రిపేరుకో పెట్రోలుకో తీయాలి అంతే. ఈ తమ్ముడి పద్మినికి ఎలాగూ 2035 దాకా ఆ అర్హత రాదు. నా కారుకి ఉంది, నేనే వద్దనుకున్నాను, ఎందుకంటే నేను దాంట్లో కూరగాయలకి వెళ్తాను.

నాది 1970 స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైంది. నేను కొనలేదు, నాకు వచ్చింది. నాన్నగారు 1984లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, నేను పుట్టక ముందే. దానికి స్టీరింగ్ ఎంత తిరుగుతుందంటే పూర్ణా మార్కెట్ సందుల్లో మిగతా కార్లు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడితే ఇది ఒక్క తిప్పులో తిరిగిపోతుంది. 2021లో నాన్నగారు పోయారు. ఆ హడావిడిలో కారు కాగితాల సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి, కానీ చనిపోయిన 30 రోజుల్లోపు ఆర్‌టీఓకి తెలపాలి, మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టి వారసుల పేరుకి మార్చుకోవాలి. నాకు తెలిసేసరికి ఏడు నెలలు. అమ్మ సంతకం, తమ్ముడు అమెరికా నుంచి పంపించిన నో అబ్జెక్షన్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నీ పట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో. ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీద పాత కారు ఉన్నవాళ్లందరికీ నా విన్నపం, వాళ్లు ఉండగానే దీని గురించి కూర్చుని మాట్లాడుకోండి, అడగడానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు.

మొదట రెండేళ్లు దాన్ని బయటికి తీయలేదు. సీట్లో కూర్చుంటే నాన్నగారి ముక్కుపొడి వాసన వచ్చేది, అది పోతుందేమోనని అద్దాలు కూడా దించలేదు, దాంతో లోపల బూజు పట్టింది. తీసిన రోజు మా పాప పక్కన ఉంది, దానికి అప్పుడు ఆరేళ్లు. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి తెరుచుకుంటుంది, ఇంజిన్ అంతా బయటపడుతుంది, ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. పాప ఆ టైరు మీద కూర్చుని ఇది ఏంటి, ఇది ఏంటి అని అడగడం మొదలుపెట్టింది, నాకు సగం తెలియవు, నేర్చుకున్నాను. ఏ వయసులో కొనాలి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ, కానీ 36 ఏళ్లకి కార్బొరేటర్ (ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి ఇచ్చేది) విప్పడం నేర్చుకోవచ్చని మాత్రం చెప్పగలను.

ఉక్కునగరం_అంబీ:
బాబూ, నాకు 69 నిండి 70 వస్తన్నాయి, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యాను. నా అంబాసిడర్ మార్క్ 4, 1982ది. 2001లో కొన్నాను, అప్పటికి నాకు 45. మీ ఆఫీసాయన చెప్పినట్టే ఆగి కొన్నవాణ్ణి నేను, అందుకని నా మాట ఒకసారి విను.

ముప్పై ఏళ్లప్పుడు ఒకటి దొరికింది నాకు, మార్క్ 2, గోపాలపట్నంలో. షిఫ్ట్ డ్యూటీలు, పిల్లలు చిన్నవాళ్లు, చెల్లెలి పెళ్లి, ఒగ్గీసాను. ఆ ఒగ్గీడం తప్పని అనను, ఇంటి బాధ్యత ముందు. కానీ 45కి కొన్నాక ఏటి జరిగిందంటే, డబ్బుంది, పని నేర్చుకునే తీరిక లేదు. కంచరపాలెం మెట్ట దగ్గర మా మేస్త్రి ఒకాయన ఉండీవాడు. పాయింట్లు, అంటే ప్లగ్గులకి స్పార్క్ వచ్చీలా కలిసి విడిపోయీ కాంటాక్టులు, సెట్ చేసినప్పుడు సందు కొలిసీ ఫీలర్ గేజ్ కూడా తీసీవాడు కాదు, దానికి 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15) గ్యాప్ ఉండాలి, జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి మధ్యలో పెట్టి స్క్రూ బిగించీసీవాడు, తర్వాత గేజ్ పెట్టి కొలిస్తే సరిగ్గా అంతే ఉండీది. కార్బొరేటర్ చెవితో ట్యూన్ చేసీవాడు, ఇంజిన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి పిడి చెవికి పెట్టుకుని ఏ వాల్వు కొడతందో చెప్పీసీవాడు. పద్దెనిమిదేళ్లు అతని దగ్గరికి వెళ్లాను, టీ తాగీవాణ్ణి, పేపరు చదివీవాణ్ణి, పని అయిపోగానే డబ్బులిచ్చి కారు తీసుకుని వచ్చీసీవాణ్ణి. ఒక్కనాడు నా చేత్తో స్పానర్ పట్టలేదు. 2019లో అతను పోయాడు. కొడుకు ఫోన్లు రిపేరు చేస్తాడు. ఆ రోజు నుంచి నా కారు సరిగ్గా పలకలేదు బాబూ. ఇప్పుడు నేర్చుకుందామంటే కారు కిందికి దూరితే లేవలేను, వేళ్లలో వణుకు, చిన్న నట్టు జారిపోతే వెతకలేను.

అందుకని లక్షా నలభైయా లక్షా ఇరవయ్యా అన్నది కాదు నేను అడిగీది. ఈ కార్లు తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నారు. నీకు నలభై వచ్చేసరికి కారు ఎక్కడో ఒకటి దొరుకుతాది, వాళ్లు దొరకరు.

ఇంకో మాట. హుద్‌హుద్ తుఫాను నాడు, 2014 అక్టోబరు 12, క్వార్టర్ ముందు చెట్టు విరిగి దీని మీద పడింది. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే రూఫ్ నొక్కుకుపోయి అద్దం పగిలి, కారంతా ఆకులు నూరి ఉప్పుతో కలిపి రాసినట్టుంది. కరెంటు లేదు, కుళాయి లేదు. మా ఆవిడ తాగడానికి దాచిన నీళ్లు కాకుండా, డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు బకెట్లతో మోసుకొచ్చి ఇద్దరం అడుగుతో సహా కడిగాం. చుట్టుపక్కలవాళ్లు ఇల్లు చూసుకోకుండా కారు కడుగుతారేటి అన్నారు. ఆ ఉప్పు వారం రోజులు ఉండిపోయుంటే ఇవాళ ఈ కారు లేదు. మా ఆవిడ రెండేళ్ల క్రితం పోయింది. ఇప్పటికీ నెలకోసారి అడుగు భాగం మంచినీళ్లతో కడుగుతాను, పైపు పట్టుకునీ మనిషి లేదు అంతే.

గాజువాక_గేర్‌బాక్స్:
గురువుగారూ, మీ ఫోన్ నంబరు నాకు ప్రైవేటుగా పంపండి. పాయింట్లు, కార్బొరేటర్ నేను వచ్చి చూస్తా. డబ్బుల మాట ఎత్తొద్దు.

కడగడం గురించి ఒకటి కలుపుతా, బీచ్ వైపు కాలనీల్లో కొన్ని బోర్లలో నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడిగిన ప్రయోజనం ఉండదు, మున్సిపాలిటీ నీళ్లే వాడండి. అలాగే పాత తుప్పు గీకకుండా దాని మీదే నల్లటి అండర్ కోటింగ్ కొట్టించకండి, లోపల తడి బందీ అయిపోయి రెండేళ్లలో రేకు పొరలు పొరలుగా ఊడొస్తుంది. గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాకే కోటింగ్.

భీమిలి_బ్రేక్:
కొత్త పెట్రోలు సంగతి కూడా చూసుకో బ్రదర్, ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్ కూడా తేమ పీలుస్తుంది, నిలవ ఉంచితే ట్యాంకు లోపల తుప్పు. పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి రబ్బరు పొర) మెత్తబడిపోతాయి. కొనగానే ఇథనాల్‌కి ఆగే పైపులు వేయించు. నా దాంట్లో డయాఫ్రమ్ చిరిగి హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగిపోయింది, వెనకాల బస్సులన్నీ హారన్లు.

కంచరపాలెం_కుర్రోడు:
ఆదివారం గాజువాక అన్నతో వెళ్లొచ్చాం, నాన్న కూడా వచ్చాడు. వివరంగా రాస్తున్నా, తర్వాత ఎవరికైనా పనికొస్తుందని.

డోర్లు నాలుగూ బాగున్నాయి, అయస్కాంతం గట్టిగా పట్టింది. ఎడమ వెనక చక్రం వంపులో మాత్రం జారిపోయింది, జానెడు పొడవు లప్పం. డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోరులో రెండు చిల్లులు, నేల కనిపిస్తోంది. స్టెప్నీ కింద పైపైన తుప్పే. జాకీ పరీక్షలో డోరు మెత్తగా పడింది, అప్పుడే అన్న మొహంలో నవ్వు చూశా. ఇంజిన్ తిరుగుతోంది, వెనక బ్రేకులు రెండూ పట్టేసి ఉన్నాయి, వీల్ సిలిండర్లు మార్చాలి. ఆర్‌సీ 2027 దాకా ఉంది. ఫ్లోరు రేకు కోసి కొత్తది వేసి వెల్డింగ్, టింకరింగ్, బ్రేకులు, పైపులు అన్నీ కలిపి నలభై అయిదు వేల దాకా అవుతుందని అన్న లెక్క.

పెద్దాయన దగ్గర ఇవన్నీ దాచకుండా చెప్పాం. ఆయన బేరం ఆడలేదు. ఎంత ఇద్దామనుకుంటున్నావు అన్నారు, లక్షా పది అన్నా. సరే అన్నారు కానీ ఒక కోరిక కోరారు, ప్రతి నెలా ఒకసారి ఆయన్నీ వాళ్ల ఆవిణ్ణీ సింహాచలం కొండకి తీసుకెళ్లాలని, వాళ్లు పెళ్లయిన కొత్తలో నుంచీ అదే అలవాటట, స్కూటర్ మీద మొదలై తర్వాత ఈ కారులో. ఆటో ఎక్కడం ఆవిడకి కష్టంగా ఉందట. నేను ఒప్పుకునేలోపే నాన్న ఒప్పేసుకున్నాడు. అమ్మకి ఇంటికొచ్చి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, రాత్రి అన్నం పెడుతూ, ఆ పెద్దావిడ వెనక సీట్లో కూర్చుంటుందా ముందు కూర్చుంటుందా అని అడిగింది.

అడ్వాన్స్ ఇచ్చేశాను.

ఎంవీపీ_లక్ష్మి:
కళ్లు చెమ్మగిల్లాయి తమ్ముడూ. ఆయన దగ్గర పాత బిల్లులు, సర్వీసు చీటీలు ఏమున్నా అడిగి తీసుకో, అవి ఆయనకి చెత్తలా కనిపించొచ్చు, పారేస్తారు.

మధురవాడ_33:
షెడ్డు ఉందన్నావు కాబట్టి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. నా కాంటెస్సాకి కొన్న కాటన్ కవర్ ఒకటి అలాగే ఉంది, పద్మినికి కొంచెం పెద్దదవుతుంది, కుట్టించుకుంటానంటే వచ్చి తీసుకెళ్లు. పిల్లలు ఎక్కే రోజు వచ్చాక మాత్రం బెల్టులు బిగించకుండా ఎక్కించకు, దానికి బాడీలో గట్టి చోటు ఎక్కడో గాజువాక అన్ననే అడుగు.

భీమిలి_బ్రేక్:
ఏప్రిల్, మే నెలల్లో కొండ ఎక్కేటప్పుడు పెట్రోలు పంపు వేడెక్కి పైపులోనే ఆవిరైపోయి ఇంజిన్ ఆగుతుంది, కంగారుపడకు, బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే మళ్లీ పడుతుంది. సీసాలో నీళ్లు, గుడ్డ ఎప్పుడూ డిక్కీలో ఉంచు. పెద్దవాళ్లని తీసుకెళ్లే రోజు పొద్దున్నే ఎక్కేయ్.

ఉక్కునగరం_అంబీ:
చాలా సంతోషం బాబూ. గాజువాక అబ్బాయి నిన్న వచ్చాడు, నాలుగు గంటలు కూర్చున్నాడు, పాయింట్ల పక్కనుండీ కండెన్సర్ పోయిందట, అయిదేళ్లుగా నేను కార్బొరేటర్‌ని తిడతన్నాను. బండి పలికింది. నీ పద్మిని ఫ్లోరు విప్పినప్పుడు నాకు కబురు చెయ్యి, నేను వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పాయింట్లు మాత్రం నువ్వే పెట్టాలి, ఎలాగో చెప్తాను, విజిటింగ్ కార్డు నేనే తెస్తాను.

కంచరపాలెం_కుర్రోడు:
తప్పకుండా మాస్టారూ, నేనే వచ్చి తీసుకెళ్తా. ఇంతకీ పద్మిని ముందు డోరులో ఉండే చిన్న త్రికోణం అద్దానికి రబ్బరు బీడింగ్ పూర్తిగా ఎండి పగిలిపోయింది, వైజాగ్‌లో ఎక్కడైనా దొరుకుతుందా?

గాజువాక_గేర్‌బాక్స్:
నా రెండో బండిలోది ఎడమ వైపుది బాగానే ఉంది, కుడిది లేదు. పాతది పారేయకు, కొలత కావాలి.